మెట్లు లేని సత్రం

మూడో సత్రాన్ని కూడా సహన వద్దంది.

"దీనికేమొచ్చిందే?" అంది వీణ.

"మెట్లు బాగలేవమ్మా."

"ఎక్కితే పైకి పోతాము, దిగితే కిందికొస్తాము. మెట్లకు బాగుండేది, బాగలేనిది ఏముంటాది?"

సహన ఫోన్ మీద వేలు జరిపి నాలుగో సత్రం తెరిచింది.

శనివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. కర్ణాటకలో చింతామణి నుంచి మురుగమల్ల వెళ్ళే దారిలో బస్సు దిగి కాస్త లోపలికి నడిస్తే వచ్చే ఊరు అది. ఊరి చివర పురుషోత్తం ఇల్లు, ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు, దాని వెనక మల్బరీ తోట. వీణ అతని భార్య. సహన వాళ్ళకు ఒక్కతే కూతురు. చిక్కబళ్ళాపురలో హాస్టల్లో ఉండి బీఎస్సీ చివరి ఏడాది చదువుతోంది. శనివారం పొద్దున బస్సుకు ఇంటికొస్తుంది. ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతుంది.

తల్లీ కూతుళ్ళు వెతుకుతున్నది జపాన్‌లో, క్యోటో నగరంలో, ఊరు తిరిగి చూడడానికి వీలుగా ఉండే ఒక చవక సత్రం. అక్కడి పాతకాలపు సత్రాలను ర్యోకాన్ అంటారు. వాటిలో మంచాలుండవు. గదంతా గడ్డి చాపలు పరిచి ఉంటాయి. పొద్దు మునిగాక వాటి మీద పరుపులు వేస్తారు, తెల్లవారాక మడిచి అలమారాలో పెట్టేస్తారు. చవక రకం వాటిలో స్నానాలగది అందరికీ ఒక్కటే.

స్తంభానికి ఆనుకుని వక్క కొరుకుతున్న సుబ్బలక్ష్మమ్మకు ఈ సంగతి మొదటినుంచీ మింగుడు పడలేదు.

"నేల మీద చాపేసుకుని పండుకునేదానికి ఇమానమెక్కి పోవల్లా? ఆ చాపేదో ఈడే యేస్తా, పండుకోండి."

"ఆడ చాప మీద పరుపు గూడా యేస్తారవ్వా."

"ఓహో. మనకన్నా ఒక పరుపు జాస్తి."

"ఇంకొకటి విను. గదికింత అని కాదు, మనిషికింత అని తీసుకుంటారంట."

"అదేం పద్ధతే! తిరుపతిలో ఒక్క రూములో పన్నెండు మంది పండుకుంటిమి. ఎవడన్నా వచ్చి తలకాయలు లెక్కబెట్టినాడా?"

వీణ నవ్వింది. సహన నవ్వలేదు. అది వీణ గమనించింది.

సుబ్బలక్ష్మమ్మ వీణకు తల్లి, పురుషోత్తానికి అక్క. అంటే వీణ పెళ్ళాడింది సొంత మేనమామను. ఈ వైపు అది వింతేమీ కాదు. వింత ఏమిటంటే ఆ పెళ్ళి జరిగిన తీరు.

వీణకు చిన్నప్పటి నుంచి రేచీకటి. పద్దెనిమిదో ఏట బాగేపల్లి నుంచి పెళ్ళిచూపులకు వచ్చారు. బస్సు ఆలస్యమై సాయంత్రం దిగారు. పలహారం పళ్ళెం పట్టుకుని వచ్చిన వీణ, పరిచిన జంపఖానా దాటి నేరుగా పోయి స్తంభానికి గుద్దుకుంది. వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండా లేచిపోయారు. సుబ్బలక్ష్మమ్మ గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే ఆమె చిన్న తమ్ముడు పురుషోత్తం అన్నాడు: "ఏడవద్దక్కా. బయటోళ్ళు చేసుకోకపోతే నేనుండా కదా. నేను చేసుకుంటా."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దెప్పలేదు.

వీణకిప్పుడు నలభై రెండు. రేచీకటి రేచీకటిగా ఆగలేదు. చూపు పక్కలనుంచి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడామె లోకాన్ని ఒక గొట్టంలోంచి చూసినట్టు చూస్తుంది. వెలుతురుంటే ఎదురుగా ఉన్నది చక్కగా కనబడుతుంది. పక్కన ఏముందో తల తిప్పితేగాని తెలియదు. ఆ గొట్టం ఇంకా సన్నబడుతుందని బెంగళూరు డాక్టరు చెప్పాడు. ఒక ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు. ఆ తర్వాత ఏమీ ఉండదు.

ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ పురుషోత్తం అడిగాడు, "ఏమన్నా చూడల్లని ఉండాదా నీకు?" అని.

"ఉండాది మామా," అంది వీణ. "క్యోటో."

అతను నివ్వెరపోయాడు. ఆమె చిన్నతనంలో కొత్తరకం పురుగు పెంచడం నేర్పడానికి రేష్మె ఇలాఖె, అంటే పట్టుపరిశ్రమ శాఖవాళ్ళు ఒక జపాను ఆయన్ను ఆమె పుట్టినూరికి తీసుకొచ్చారు. ఆయన వీణ పుట్టింటి షెడ్డులో ఒక క్యాలెండరు తగిలించిపోయాడు. అందులో ఒక సన్న వీధి. అటూ ఇటూ చెక్క ఇళ్ళు. పొద్దు మునిగిన వేళ. ప్రతి గుమ్మం ముందూ కాగితపు లాంతరు. వానకు తడిసిన బండల మీద ఆ వెలుగు. పొద్దు మునిగాక తన సొంత వీధిని ఏనాడూ చూడని పిల్ల ఆ బొమ్మ ముందు నిలబడి, ఇన్ని దీపాలుంటే నాక్కూడా కనబడుతుంది కదా అనుకుంది. సాయంత్రం పూట ఒక వీధిలో నడవడం. ఆమెకు కావలసింది అంతే.

ఈ ఏడాది పట్టుగూళ్ళకు మంచి ధర పలికింది. పురుషోత్తం సరేనన్నాడు. తను మాత్రం రాలేనన్నాడు. పురుగును వదిలి రైతు కదలడానికి లేదు. అందుకే తల్లీ కూతుళ్ళు, నవంబరులో.

మొదట దొరికిన సత్రం అచ్చంగా అలాంటి వీధిలోనే ఉంది. మేడమీద గది, కిటికీ తీస్తే కింద లాంతర్లు. వీణ ప్రాణం అక్కడే ఆగిపోయింది. సహన వద్దంది. రెండోది నది పక్కన. స్నానాలగది వసారా చివర ఎక్కడో ఉందని వద్దంది. మూడోది మెట్లు బాగలేవని.

"ఇది చూడు," అంటూ నాలుగోదాన్ని తల్లి కళ్ళ ముందు పట్టింది సహన. "రైలు స్టేషను పక్కనే. గది కిందనే ఉంటాది. ఒక్క మెట్టు గూడా లేదు. తెల్లార్లూ వసారాలో ట్యూబులైటు ఎలగతా ఉంటాదంట."

"మన చింతామణి బస్టాండు లాడ్జీ మాదిరి ఉండాది. ఒక్క లాంతరు లేదు."

"పగులంతా తిరిగి పొద్దుండంగానే వచ్చి చేరిపోవచ్చు."

"పొద్దుండంగానే చేరేదానికి అంత దూరం ఏమిటికే? మెట్లెక్కలేనని నేనెప్పుడన్నా అన్నానా? దినామూ మిద్దెక్కి మిరపకాయలు ఆరబోస్తాండా."

"ఆ మెట్లు వేరే, ఈ మెట్లు వేరేమ్మా!" సహన గొంతు చిరాగ్గా లేచింది. "ఆ సత్రమోళ్ళకు మెయిల్ రాసి అడిగినా. అంతా నల్ల చెక్కంట. అంచుకు తెల్లగీత గూడా లేదంట."

బియ్యం చెరుగుతున్న వీణ చేతిలో చాట ఆగిపోయింది.

"సరేలే," అంది. "రేపు చూద్దాం."

*

తెల్లగీత.

ఆ సాయంత్రమంతా వీణ ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చూసుకుంది.

ఆ ఇంట్లో ప్రతి మెట్టు అంచుకూ పొద్దున్నే ముగ్గుపిండితో ఒక గీత పడుతుంది. వాకిలి మెట్లు, పెరటి మెట్లు, మిద్దె మెట్లు, షెడ్డు గడప. గీసేది వీణ. ఎంత భక్తో అంటారు ఊళ్ళోవాళ్ళు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, పుట్టింట్లో, మసక వెలుతురులో మెట్లన్నీ కలిసి ఒకే నల్లటి పలకలా కనబడుతుంటే, పిండితో అంచు గీసుకుంటే ఏ మెట్టుకా మెట్టు విడిగా తెలుస్తుందని తనకు తానే కనిపెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. తల్లికి చెప్పలేదు, భర్తకు చెప్పలేదు. కూతురికి అసలే చెప్పలేదు.

మంచి చూపున్న మనిషికి మెట్టు మెట్టులాగే కనబడుతుంది. దాని అంచుకు గీత ఉందా లేదా అని వేరే దేశంలోని సత్రానికి ఉత్తరం రాసి అడగాలని తోచదు. తోచిందంటే, ఆ గీత దేనికో ఆ మనిషి కాళ్ళకు తెలుసు.

ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇదివరకు సహన శనివారం సాయంత్రం బస్సుకు వచ్చేది. ఏడాదిగా పొద్దున బస్సుకే వస్తోంది. మురుగమల్లలో రాత్రి జరిగే ఉరుసుకు స్నేహితురాలు నయన పిలిస్తే తలనొప్పి అని పోలేదు. పెరట్లోకి పోవలసి వస్తే ఫోన్ టార్చి వేసుకుంటుంది, ఈ కాలం పిల్లలంతా అంతే కదా అనుకుంది తను.

ఇంట్లో ఎందుకు బయటపడలేదు?

జవాబు తడుముకోనక్కరలేదు. ఆ ఇల్లే అలాంటిది. వీణ కాపురానికొచ్చిన రోజునే పురుషోత్తం ఒక కట్టుబాటు పెట్టాడు. దారిలో ఏదీ ఉండకూడదు. కుర్చీ జరిపితే మళ్ళీ దాని చోట దాన్ని పెట్టాలి. బిందె, చెప్పు, చీపురు, దేని చోటు దానిదే. కన్ను లేకపోయినా తిరగగలిగే ఇల్లు అది. అందులో ఇంకొకరు కన్ను లేకుండా తిరిగినా ఎవరికీ తెలియదు.

అనుమానం అనుమానమే. నిజమో కాదో తేల్చుకోవాలి. అడిగితే చెప్పదు. తను చెప్పిందా ఎప్పుడైనా?

వీణ ఒక పని చేయడానికి నిశ్చయించుకుంది. ఏ తల్లీ చేయకూడని పని.

*

ఆదివారం పొద్దున పురుషోత్తం పనుందని చింతామణి వెళ్ళాడు. సుబ్బలక్ష్మమ్మ గుడికి పోయింది. షెడ్డులో నాలుగో జ్వరం లేచిన పురుగు. పురుగు పొర విడవడాన్ని ఇక్కడ జ్వరమంటారు. ఆ జ్వరం నుంచి లేచాక దాని ఆకలికి అంతుండదు. అరలనిండా ఆకు వేసి తిరిగొచ్చేసరికి మొదటి అర ఖాళీ అవుతుంది.

వీణ ముందుగా ఒక్కతే లోపలికి వెళ్ళింది. ఎండ తగలకుండా కిటికీలకు తడి గోనెపట్టాలు వేలాడదీసి ఉన్నాయి. లోపల మసక. రెండు వైపులా ఇనుప అరలు, మధ్యన నడవ. ఆమె లోపల దేన్నీ చూడదు, చూడనక్కరలేదు. ఆకు మోసే పాత వెదురుబుట్ట, ఏళ్ళ తరబడి వాడి నల్లబడింది, చేత్తో తడిమి తీసుకుంది. అడుగులు వేసుకుంటూ పోయి నడవ మధ్యన పెట్టింది.

ఆ షెడ్డు కట్టినప్పటినుంచీ ఆ నడవలో ఒక వస్తువు పెట్టడం అదే మొదటిసారి.

బయటికొచ్చి కేకేసింది. "సహనా! కొంచెం ఆకెయ్యి రా."

సహన వచ్చింది. ఇద్దరూ, పురుగుకు రోగం తగలకుండా గడప దగ్గర చల్లిన సున్నం తొక్కి లోపలికెళ్ళారు. వీణ తొందరపడలేదు. బయటి ఎండలోంచి వస్తే ఎవరికైనా కాసేపు కళ్ళు కనబడవు. ఆ కాసేపు గడవాలి. గడప పక్క అరల దగ్గరే నిలబెట్టి కూతురిచేత ఆకు వేయించింది. హాస్టల్లో సాంబారు గురించి అడిగింది. నయన సంగతి అడిగింది.

"అవ్వ నిన్న ఏమందో తెల్సా?" అంది సహన. "జపాను నుంచి రాంగానే అమరేష్ మామతో తాంబూలాలంట."

అమరేష్ వీణకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడు. చిక్కబళ్ళాపురలో జిల్లా కచేరిలో గుమాస్తా. అక్క కూతురు సహన వాడికేనని సుబ్బలక్ష్మమ్మ ఎప్పుడో అనేసుకుంది.

"నువ్వేమన్నావు?"

"చదువయిపోనీ అన్నా."

రెండు అరలు నిండాయి. చాలు. మామూలు కళ్ళయితే ఈపాటికి లోపలున్నదంతా కనబడుతూ ఉండాలి.

"ఆ కొస గోడకు తువ్వాలుండాది. తీసుకొని రామ్మా."

సహన తడబడకుండా కదిలింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. దారిలో ఏమీ ఉండదని తెలుసు. అడుగులు ధీమాగా, సమంగా పడుతున్నాయి. కనబడితే ఆగుతుంది. కనబడితే పక్కనుంచి పోతుంది. ఆగు తల్లీ, ఆగు అనుకుంది వీణ.

అడుగులు ఆగలేదు.

వీణకు కనబడలేదు. వినబడింది. వెదురు విరిగిన చప్పుడు. తర్వాత మోకాలు ఇనుప కాలుకు తగిలిన చప్పుడు. పై అరలోంచి ఆకులు, వాటితో పురుగులు రాలిన మెత్తటి చప్పుడు.

"ఈడ బుట్ట ఎవరు పెట్టినారమ్మా!"

"నేనే," అంది వీణ.

వీణ అరలు పట్టుకుంటూ కూతురి దగ్గరికి నడిచి పక్కన నేల మీద కూర్చుంది. చేత్తో తడిమితే మోకాలు తడిగా తగిలింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏం ఎన్నాళ్ళు? చూసుకోలేదంతే."

"నాతో ఈ ఆట వద్దు. నేను ఆడిందే ఇది. చూసుకోలేదు, తలనొప్పి, కాలు బెణికింది. అన్నీ నేను చెప్పినవే."

సహన ఊపిరి గట్టిగా వినబడింది.

"పోయినేడు," అంది. "హాస్టల్లో కరెంటు పోయింది. నేను గోడ పట్టుకోని నిలబడినా. పక్కన పిల్లోళ్ళందరూ నవ్వుకుంటా మెట్లు దిగిపోతాండారు. అప్పుడు తెలిసిందమ్మా, చీకట్లో గూడా వాళ్ళకు కనబడతాదని. అందరికీ నా మాదిరే ఉంటాదని అనుకుంటి."

"డాక్టరుకు చూపించుకున్యావా?"

"బెంగళూరులో. ఒక్కదాన్నే పోయినా. ఆయమ్మ మొదట ఏమడిగిందో తెల్సా? మీ అమ్మా నాయనా ముందునుంచీ చుట్టాలా అని."

"ఏం చెప్పినావు?"

"మా అమ్మకు మా నాయన సొంత మేనమామ అన్నా. ఆయమ్మ పెన్ను కింద పెట్టేసింది."

వీణ నేల మీద పాకుతున్న పురుగొకటి వేలికి తగిలితే ఏరి అరలో వేసింది. చేతికి ఏదో ఒక పని కావాలి.

"ఏమిటికి దాచినావే? నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే ఏమవుతాది? అవ్వ గడపలో కూలబడి ఏడుస్తాది. బయటోళ్ళు ఎవరు చేసుకుంటారు అంటాది. ఆమీద అమరేష్ మామ వస్తాడు. ఏడవద్దమ్మా, నేనుండా కదా, నేను చేసుకుంటా అంటాడు. అంటాడా, అనడా? నువ్వు చెప్పు."

వీణ చెప్పనక్కరలేదు. అమరేష్ మంచివాడు. తప్పకుండా అంటాడు. ఇప్పుడింకా తాంబూలాల మాట దగ్గరే ఉంది, వాయిదా వేయొచ్చు. కళ్ళ సంగతి తెలిసిందంటే ఇక వాయిదా ఉండదు. జాలితో పరుగెత్తుకుని వస్తాడు. ఆ మంచితనాన్ని కాదనే దారి ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

"నాకు పుట్టేవాళ్ళకు గూడా ఇట్లే కావల్లా అమ్మా?" అంది సహన. "నాయన నీకు మేలు చేసినాడు. ఆ మేలుకు ఫలితం నేనుండా."

ఆ మాట వీణకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. సహన తల్లి భుజం మీద తల పెట్టుకుంది. "నీ మీద కోపంతో అనలేదమ్మా."

"తెలుసు."

"ఆ లాంతర్ల వీధికి నిన్ను తీసుకుపోవల్లనే ఉండాది. నీ చెయ్యి పట్టుకునేదానికి నాకు కనబడల్ల కదా. నేను పడితే నువ్వు పడతావు. తెలియని ఊర్లో ఇద్దరం పడితే ఎవరు లేపుతారు? అందుకే ఆ లాడ్జీ."

"మీ అమరేష్ మామకు ఇచ్చేది లేదని నేనే చెప్తా," అంది వీణ. "కారణం చెప్పను. నీ కండ్ల సంగతి నా నోట్లోంచి రాదు. నువ్వు చదువుకొని, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడినాక, నీకు ఇష్టమైనప్పుడు నువ్వే చెప్పుకో."

ఇద్దరూ చేతులతో తడుముకుంటూ రాలిన పురుగుల్ని ఏరారు. అన్నీ దొరికాయో లేదో ఇద్దరికీ తెలియలేదు.

*

పురుషోత్తం ఎండవేళకు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"వీణా! ఇట్ల రా. కూర్చో. అక్కా, నువ్వు గూడా విను."

అందరూ వాకిట్లో చేరారు. సహన మోకాలికి గుడ్డ కట్టి ఉంది. సుబ్బలక్ష్మమ్మ అడిగితే, బుట్ట అడ్డం పెట్టింది నేనే, నాదే తప్పు అంది వీణ. అందులో అబద్ధం లేదు.

"పిల్లపురుగు ఇచ్చే చాకీ వాళ్ళ దగ్గరికి పోయింటి," అన్నాడు పురుషోత్తం. "నవంబరు పంటకు పురుగు తేవద్దని చెప్పొచ్చినా. ఒక్క పంట ఎత్తకపోతే ఏమీ మునిగిపోదు. తోటకు నీళ్ళు మన శ్రీనివాసప్ప కడతానన్యాడు. నేను గూడా వస్తాండా."

జేబులోంచి ఫోన్ తీసి భార్య కళ్ళకు ఎదురుగా, ఆమె చూపు ఆనే చోట సరిగ్గా పట్టాడు. లాంతర్ల వీధి సత్రం. మేడమీద గది. కిటికీ.

"నిన్న మీరు మాట్లాడుకునేది విన్యా. మెట్లకు భయపడి సహన వద్దంటాంది. నేనుంటే మెట్లేంది? ఒక్కొక్క మెట్టుకూ నీ చెయ్యి పట్టుకుంటా. సాయంత్రం ముగ్గరం ఆ వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తాము. నీ ఇష్టం వచ్చినన్ని సార్లు. సరేనా?"

వీణ ఆ బొమ్మను చూసింది. ఆమెకు కావలసిందంతా అక్కడుంది. వీధి ఉంది, లాంతర్లున్నాయి, చెయ్యి పట్టుకునే మనిషి ఉన్నాడు. సరే అంటే చాలు.

ముగ్గురూ సాయంత్రం ఆ వీధిలో నడుస్తారు. ఒకరి చెయ్యి అతను పట్టుకుంటాడు. రెండోవాళ్ళు గోడ పట్టుకుంటారు. అతను వెనక్కి తిరిగి చూస్తాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఒక గుడ్డిదాని నడకను గమనించిన కళ్ళు అవి. అడుగు పడడం చూస్తే చాలు, పోల్చుకుంటాడు.

"నువ్వు రావద్దు మామా," అంది.

"ఏమిటికి?"

"నువ్వు పక్కనుంటే నేను ఊరు చూడను. నీ మొగమే చూస్తా ఉంటా. నా కోసం ఈ మనిషి ఏమేం పోగొట్టుకున్యాడో అని అదే చూస్తా ఉంటా. ఒక్కసారి ఆ భారం లేకుండా పోయి రానీ."

పురుషోత్తం ఫోన్ దించాడు.

"భారమని నేనెప్పుడన్నా..."

"అనలేదు. అదే భారం."

అతను నేల చూస్తూ మెల్లగా అన్నాడు. "సరే. నేను రాను. సత్రమన్నా అదే తీసుకో. సహన పట్టుకుంటాది నిన్ను. ఆ వీధి కోసమే కదా పోయేది."

సహన తల వంచుకుంది. ఆ వంచిన తల తండ్రి చూడకముందే వీణ నోరు తెరిచింది.

"ఆ వీధితో పనిలేదు మామా. పొద్దు మునిగితే నాకింక దీపం గూడా కనబడడంలేదు. నెల దాటింది. మీరు బాధపడతారని చెప్పలేదు."

అది అబద్ధం. నిన్న సాయంత్రం కూడా వీధి లైటు చుట్టూ తిరిగే పురుగులు ఆమెకు కనబడ్డాయి.

"పగులు మాత్రం కనబడతాది," అంది. "పగులు తిరిగి పొద్దుండంగా చేరేదానికి ఆ స్టేషను పక్కదే బాగుండాది. మెట్లు వద్దని దీనికి చెప్పింది నేనే. నిన్న మీ ముందర ఊరికే వాదించినా."

సుబ్బలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పురుషోత్తం కదలలేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరగడం వీణ స్పష్టంగా చూసింది. చూడనట్టు కూర్చుంది.

"అట్లయితే తాంబూలాలు నిలబెట్టేది మంచిది కాదు," అంది సుబ్బలక్ష్మమ్మ ముక్కు తుడుచుకుంటూ. "ఇంట్లోకి ఒక మొగోడు కావల్ల. అమరేష్‌ను రమ్మంటా. మీరు పోయేలోపలే సహన మెడలో..."

"ఇయ్యను."

"ఏందీ?"

"నా బిడ్డను నా తమ్మునికి ఇయ్యనమ్మా."

"ఏమిటికియ్యవే? ఏం తక్కువ వానికి? తాగతాడా, తిరగతాడా? అంత మంచోడు యాడ దొరకతాడు?"

"మంచోడే," అంది వీణ. "అందుకే ఇయ్యను."

పురుషోత్తం తలెత్తి భార్యను చూశాడు. ఆ మాట అమరేష్ గురించి అన్నదే. కానీ అది తగిలింది తనకు. ఇంత కాలం తర్వాత తన పెళ్ళికి తీర్పు విన్నట్టు అతని మొహం నెత్తురు లేకుండా అయింది. కాదు మామా, నీ గురించి కాదు అని చెప్పడానికి వీణకు నోరు లేదు. చెప్పాలంటే మిగతాదంతా చెప్పాలి.

సుబ్బలక్ష్మమ్మ తిట్టడం మొదలుపెట్టింది. కన్నతల్లి మాటకు విలువ లేదని, కళ్ళతోపాటు బుద్ధి కూడా పోయిందని.

"చెయ్యవే," అంది వీణ కూతురితో.

సహన ఫోన్ తీసింది. స్టేషను పక్క సత్రం. కింది గది. ఇద్దరు మనుషులు. రెండు పరుపులు. ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అని అడిగే చోట ఇద్దరికీ చీకట్లో కనబడదని రాసింది. రెండుసార్లు చెరిపి మళ్ళీ రాసింది.

"అయిపోయింది," అంది.

సహన బస్సు వేళయింది. రోడ్డు దాకా దిగబెట్టడానికి అందరూ లేచారు. వీణ మెట్టు దిగబోతుంటే పురుషోత్తం గబగబా వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మెల్లగా," అన్నాడు. "మెట్టుండాది."

ఎండ ధగధగలాడుతోంది. వీణకు మెట్టు కనబడుతోంది. మెట్టు కింద పడుకున్న కుక్క కనబడుతోంది. కళ్లం అవతల ఆరేసిన చీర, దాని అంచు, దాని మీద వాలిన తూనీగ, అన్నీ కనబడుతున్నాయి. ముందు నడుస్తున్న సహన కుంటుతోంది. అది కూడా.

చెప్పిన అబద్ధం నిలవడానికి ఆమె తన చూపును ఎక్కడా ఆననివ్వకుండా ఎదుటి ఖాళీలోకి పెట్టి, అతను నడిపించినట్టల్లా నడిచింది.